వసంతంలో మన పార్కుల నుంచి వెళ్ళిపోయే పక్షులు: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ పార్కుల్లో పొద్దున నడకకు వచ్చేవాళ్ళు నా మెడలో బైనాక్యులర్స్ చూసి ఆగి అడిగే ప్రశ్నలివి. శివరాత్రి దాటిందంటే ఏటా అవే సందేహాలు మొదలవుతాయి. ఒక్కొక్కరికీ ట్రాక్ మీద నిలబడి చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసిపెడదామనిపించింది. మోదుగ పూసే రోజుల నుంచి తొలకరి దాకా, ఏ దశలో వచ్చే ప్రశ్నను ఆ దశ కింద ఉంచాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## ముందుగా వచ్చే సందేహాలు

వసంతంలో వలస పక్షులు వస్తాయని చదువుకున్నాం. మీరేమో వెళ్ళిపోతాయంటున్నారు. ఏది నిజం?

రెండూ నిజమే, మీరు ఎక్కడున్నారన్నదాన్ని బట్టి. యూరప్, రష్యా, అమెరికా లాంటి చలిదేశాల్లో వసంతమంటే పక్షులు తిరిగొచ్చే కాలం. మన పాఠాల్లోకి, టీవీ కార్యక్రమాల్లోకి ఎక్కువగా వచ్చింది ఆ కథే. మన దక్కనులో అది తిరగబడుతుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చి చలికాలమంతా మన చెట్ల మీద, చెరువుల్లో గడిపిన పక్షులు ఫిబ్రవరి చివరి నుంచి మే మొదటి వారం దాకా విడతలవారీగా ఉత్తరానికి బయల్దేరుతాయి. ఉగాది పచ్చడి తినే రోజున మన పార్కుల్లో జరుగుతున్నది ఓ పెద్ద వీడ్కోలు. పైగా చప్పుడు లేకుండా జరిగే వీడ్కోలు. అందుకే చాలామందికి తెలియకుండానే అయిపోతుంది.

పోయిన నెల గుంపులుగా ఉన్న పిట్టలు ఇప్పుడు ఒక్కటీ లేవు. ఎవరైనా పట్టుకుపోయారా?

మార్చి, ఏప్రిల్‌లలో అయితే వాటంతటవే వెళ్ళి ఉంటాయి, కంగారు పడకండి. ఒక సాయంత్రం దాకా చెట్టు నిండా గోల చేసి, మర్నాడు పొద్దునకి ఒక్కటీ మిగలకపోవడం వలస పక్షులకు మామూలే. అయితే వలలు, జిగురు పూసిన పుల్లలు, పంజరాలు కనిపిస్తే మాత్రం అనుమానించాల్సిందే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షుల్ని పట్టడం, అమ్మడం నేరం. అటవీశాఖకు ఫోన్ చేయండి.

కోయిల వలస పక్షేనా? చలికాలంలో ఉండదు, ఉగాదికి వస్తుంది కదా?

కోయిల ఎక్కడికీ వెళ్ళదు. ఏడాది పొడుగునా మన ఊళ్ళోనే, మన రావిచెట్టులోనే ఉంటుంది. చలికాలంలో నోరు విప్పదు, అంతే. చప్పుడు చేయని నల్లటి పక్షి గుబురు కొమ్మల్లో కూర్చుంటే కాకి అనుకుని వెళ్ళిపోతాం. ఆడ కోయిలకైతే గోధుమరంగు ఒంటి మీద తెల్లచుక్కలు ఉంటాయి. దాన్ని చూపించినా ఇది కోయిలంటే నమ్మనివాళ్ళే ఎక్కువ. ఎండలు ముదిరేసరికి జత కట్టే కాలం మొదలవుతుంది, మగది కూయడం మొదలుపెడుతుంది. కాకులు గూళ్ళు కట్టుకునే రోజులు కూడా అవే. కాకి గూట్లో గుడ్డు పెట్టాలి కాబట్టి కోయిల కాలం కాకి కాలంతో ముడిపడి ఉంది. కోయిల వచ్చిందంటాం గానీ, వచ్చింది దాని గొంతు మాత్రమే.

వలస పక్షులన్నీ సైబీరియా నుంచే వస్తాయా?

మన పత్రికల్లో ఈ మాట అరిగిపోయింది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో, అనంతపురం వైపు వీరాపురంలో ఊరి చింతచెట్ల మీద గూళ్ళు కట్టే పెద్ద పక్షుల్ని దశాబ్దాలుగా సైబీరియా పక్షులనే పిలుస్తున్నాం. అవి ఎర్రకాళ్ళ కొంగలు, తేలినీలాపురంలోనైతే వాటితో పాటు గూడబాతులు. ఈ రెండూ దక్షిణాసియాకు, దాని చుట్టుపక్కలకు చెందినవే, సైబీరియా ముఖం చూసినవి కావు. గూడు కట్టి పిల్లల్ని చేసింది ఎక్కడైతే ఆ పక్షి సొంత ఊరు అదే. ఆ లెక్కన అవి నూటికి నూరుపాళ్ళు మన ఊరివే. ఆ ఊళ్ళవాళ్ళు వాటిని ఆడపడుచుల్లా చూసుకుంటారు. పేరు తప్పయినా ఆ చూసుకోవడం తప్పు కాదు.

మన పార్కులకు నిజంగా దూరం నుంచి వచ్చేవాటిలో కూడా ఒక్కోటిదీ ఒక్కో ఊరు. గులాబీ గోరింకలు కజకిస్తాన్, ఆ చుట్టుపక్కల గడ్డి మైదానాల నుంచి వస్తాయి. పొదల్లో దాగే బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ సొంత ఊరు రష్యా కావచ్చు, ఫిన్లాండ్ కూడా కావచ్చు. పట్టీతల బాతులు టిబెట్, మంగోలియా, లడఖ్ సరస్సులవి. వంగపండు పిట్టల్లో (పసుపురంగు గోల్డెన్ ఓరియల్‌లు) చాలావరకు ఉత్తర భారతం దాకానే వెళ్ళొస్తాయి. సూదితోక బాతులు, నీటి ఒడ్డున తిరిగే ఉల్లంకి పిట్టలు (శాండ్‌పైపర్లు) కొన్ని మాత్రం సైబీరియా నుంచి వస్తాయి.

ఇక్కడ తిండి, నీళ్ళు దొరికాయి కదా. ఇక్కడే ఉండి గూడు కట్టుకోవచ్చుగా?

పెద్దవాటికి సరిపోయే తిండి వేరు, పిల్లల్ని పెంచే తిండి వేరు. గూట్లో నాలుగైదు నోళ్ళు పొద్దస్తమానం తెరుచుకుని ఉంటే గంట గంటకూ పురుగులు తెచ్చి పెట్టాలి. మే, జూన్‌లలో ఉత్తరాన పగలు పదహారు, పద్దెనిమిది గంటలు ఉంటుంది, మంచు కరిగిన నేలంతా పురుగుల మయమవుతుంది. మనకేమో అప్పుడు రోహిణి ఎండలు. ఇక్కడి పక్షుల్లో కూడా చాలావాటికి వాన పడ్డాకే పురుగుల పంట. ఆ కాస్త తిండి కోసం స్థానిక పక్షులతో పోటీ పడే బదులు వేల కిలోమీటర్లు ఎగరడమే వాటికి గిట్టుబాటు.

బయల్దేరే రోజు వాటికి ఎలా తెలుస్తుంది? దారి ఎవరు చూపిస్తారు?

పగటి పొడుగే వాటి పంచాంగం. రోజు రోజుకూ పగలు పెరుగుతుంటే ఒంట్లో మార్పులు మొదలవుతాయి: ఆకలి విపరీతంగా పెరుగుతుంది, చర్మం కింద కొవ్వు చేరుతుంది, రాత్రిళ్ళు నిద్ర పట్టదు. ప్రయాణానికి ముందు బరువు దాదాపు రెట్టింపయ్యే చిన్న పిట్టలూ ఉన్నాయి. దారికి సూర్యుడు, నక్షత్రాలు, భూమి అయస్కాంత శక్తి, నదుల్లాంటి ఆనవాళ్ళు అన్నీ వాడుకుంటాయి. బాతులు, కొంగల్లాంటివి పెద్దలతో కలిసి వెళ్ళి దారి నేర్చుకుంటాయి. ఆకుల్లో తిరిగే చిన్న పిట్టలకు ఆ అదృష్టం లేదు. పుట్టిన ఏడాదే ఒంటరిగా, చీకట్లో, ఎవరూ చూపించని దారిన వస్తాయి. పది గ్రాములైనా తూగని ప్రాణి అంత పని చేస్తుందని తెలిశాక నాకు పార్కులో నడిచేటప్పుడు తలెత్తకుండా ఉండడం కుదరడం లేదు.

## ఫిబ్రవరి, మార్చి: మోదుగ పూసే రోజులు

మోదుగ చెట్టు మీద వందల పక్షులు గోల గోలగా ఉన్నాయి. గోరింకల్లా ఉన్నాయి కానీ ఒళ్ళు గులాబీ రంగు. ఏమిటవి?

గులాబీ గోరింకలు. తల, రెక్కలు, తోక నలుపు, వీపు, పొట్ట గులాబీ. తల మీద చిన్న జుట్టు. గుంపులో మట్టిరంగువి కనిపిస్తే అవి ఇంకా పూర్తిగా రంగు రాని చిన్నవి. ఆగస్టు నాటికే మన దేశంలో అడుగుపెట్టి, ఏప్రిల్ దాకా ఉంటాయి. జొన్న చేలు పండే కాలంలో రైతులు వాటిని తిట్టుకుంటూ తరుముతారు. చేలు కోతకొచ్చాక మోదుగ, బూరుగ పూలలో తేనె కోసం, రావి, మర్రి, జువ్వి పండ్ల కోసం ఊళ్ళలోకి వస్తాయి. మోదుగ పూలలో మూతి పెట్టి తీసినప్పుడు నుదుటి మీద పుప్పొడి పసుపు రాసినట్టు అంటుకుంటుంది. ఆ పుప్పొడినే ఒక పువ్వు నుంచి మరో పువ్వుకు మోస్తాయి.

సాయంత్రం అయిదున్నర తర్వాత ఏదైనా చెరువు గట్టున నిలబడి చూడండి. పొగ మేఘంలా ఆకాశంలో మెలికలు తిరిగి, ఒక్క ఊపున తుమ్మల్లోకో తుంగలోకో దిగిపోతాయి. మేలో గడ్డి మైదానాల్లో రాళ్ళ సందుల్లో గూళ్ళు కట్టి, మిడతలు పట్టి పిల్లల్ని పెంచుతాయి. చైనా వాయవ్యాన షిన్‌జియాంగ్‌లో మిడతల బెడద తగ్గించడానికి వీటి కోసమే రాళ్ళ గూళ్ళు కట్టి పెడుతున్నారు. ఇక్కడ జొన్న దొంగ, అక్కడ పంట కాపరి.

రోజూ చూసే పిట్ట రంగు మారినట్టుంది. నా కళ్ళ పొరపాటా?

పొరపాటు కాదు. చాలా వలస పక్షులు ప్రయాణానికి ముందే పెళ్ళి బట్టలు కట్టుకుంటాయి. చెరువు ఒడ్డున తిరిగే జిట్టంగి పిట్టల్ని చూడండి. డిసెంబరులో మట్టి రంగులో తోక ఊపుతూ తిరిగినవే మార్చి చివరికి పసుపు ముద్దల్లా కనిపిస్తాయి. సిట్రిన్ జిట్టంగి మగదానికి తలంతా నిమ్మపండు పసుపు, మెడ వెనక నల్ల పట్టీ వస్తుంది.

ఒక్క జాగ్రత్త. రంగు మారిందని ప్రతిదీ వలస పక్షి అనుకోకూడదు. గుడ్డికొంగ వీపు వంగపండు రంగుకు తిరగడం, గేదెల వెంట తిరిగే తెల్లకొంగ తల, మెడ బంగారు రంగుకు రావడం ఇక్కడే గూడు కట్టే సన్నాహం. అవి ఎటూ వెళ్ళవు.

చెట్లన్నీ ఆకులు రాల్చి ఎండిపోయినట్టున్నాయి. ఈ పార్కులో పక్షులకు ఏం దొరుకుతుంది?

ఎండినట్టు కనిపించే ఈ రోజులే వాటికి విందు. మార్చిలో కానుగ పాత ఆకు రాల్చి లేత ఆకు వేస్తుంది. వేప చిగురుతో పాటే పూత కూడా తొడుగుతుంది. లేత ఆకు మెత్తగా ఉంటుంది కాబట్టి గొంగళి పురుగులు, ఆకుముడత పురుగులు, సన్న దోమలు దాని మీద పడతాయి. ఆ పురుగుల మీద పిట్టలు పడతాయి. ప్రయాణానికి కొవ్వు చేరాల్సిన ఆఖరి నెలలోనే ఈ పంట చేతికి రావడం వాటి అదృష్టం. నన్నడిగితే ఉగాది నాడు ఓ పూత పూసిన వేపచెట్టు కింద పావుగంట కదలకుండా నిలబడడాన్ని మించిన పక్షుల పాఠం లేదు. మొదటి అయిదు నిమిషాలు ఏమీ కనిపించదు. ఆ తర్వాత ఒక ఆకు గాలి లేకుండానే కదులుతుంది.

పచ్చిక, ఖర్జూరపు జాతి అలంకరణ చెట్లు, కత్తిరించిన హెడ్జీలు కంటికి చల్లగా ఉంటాయి గానీ వాటిలో పురుగు తక్కువ. పురుగు లేని చోట వలస పిట్ట ఆగదు.

చెరువులో బాతులు ఎప్పుడు వెళ్తాయి? ఎప్పుడు వస్తే చూడొచ్చు?

పట్టీతల బాతులు అందరికన్నా ముందు, మార్చిలోనే సర్దుకుంటాయి. హిమాలయాలు దాటాలి కదా. ఇవి ఏడు వేల మీటర్లకు పైన ఎగిరినట్టు వాటికి కట్టిన పరికరాల్లో నమోదైంది. సూదితోక బాతులు, చెంచామూతి బాతులు మార్చి చివరికి పలచబడతాయి. గార్గనీ అనే చిన్న బాతు అందరికన్నా ముందొచ్చి ఆఖరున వెళ్తుంది. ఏప్రిల్‌లో చెరువులో మిగిలిన చిన్న గుంపు సాధారణంగా అదే. మగదానికి కంటి మీదుగా నెలవంకలాంటి తెల్లగీత ఉంటుంది.

అమీన్‌పూర్ చెరువు, గండిపేట, హిమాయత్‌సాగర్ దీనికి మంచి చోట్లు. అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రాంతం హోదా వచ్చింది. అక్కడ కనిపించే ఫ్లెమింగోలు కూడా సైబీరియావి కావు, మన దేశంలో అవి ముఖ్యంగా గుజరాత్‌లోని కచ్ రణ్‌లో గుడ్లు పెడతాయి.

## ఏప్రిల్: పార్కులో చూసేటప్పుడు

ఏ పార్కుకు వెళ్ళాలి? ఏ వేళకు?

పెద్ద పార్కే కావాలని లేదు. జూబ్లీహిల్స్ కేబీఆర్ పార్కు, కొత్తగూడ బొటానికల్ గార్డెన్, చిలుకూరు మృగవని, వనస్థలిపురం హరిణ వనస్థలి సహజమైన పొద, రాయి, ఎండుటాకు మిగిలిన చోట్లు కాబట్టి ఎక్కువ రకాలు కనిపిస్తాయి. ఇందిరా పార్కు, పబ్లిక్ గార్డెన్స్‌లలో పాత చెట్లున్నాయి. కానీ మీ కాలనీలో నాలుగు కానుగలు, ఒక రావి ఉంటే అక్కడే మొదలుపెట్టండి. రోజూ చూసే చోటు అయితేనే ఏది వెళ్ళిందో తెలుస్తుంది.

వేళ అంటారా, సూర్యోదయం నుంచి రెండు గంటలు. రాత్రంతా ఎగిరి తెల్లవారుజామున దిగినవి అప్పుడు ఆకలితో ఉంటాయి. ఏప్రిల్‌లో తొమ్మిది దాటాక అవీ నీడకు చేరతాయి, మీరూ చేరాల్సిందే.

చెట్టు పైనుంచి రోజంతా 'చిస్లీ, చిస్లీ' అని సన్నటి శబ్దం. ఎంత వెతికినా పిట్ట కనబడదు.

గ్రీనిష్ వార్బ్లర్. చలికాలంలో మన నగరాల్లో ఎక్కువగా ఉండే వలస పిట్టల్లో ఇదొకటి, ఎక్కువమంది చూడనిది కూడా ఇదే. బొటనవేలంత ఉంటుంది. పైన పాచిరంగు, కింద మాసిన తెలుపు, కంటి మీద లేతగీత, రెక్క మీద సన్నటి చార. ఆకుల్లో ఆకులా ఉంటుంది. శబ్దం వచ్చిన కొమ్మను కాకుండా దాని పక్క కొమ్మను చూస్తూ ఉండండి. నిమిషానికోసారి కొమ్మ మారుతుంది, అక్కడికే వస్తుంది.

ఒక్కో పిట్ట చలికాలమంతా తన చెట్లను తానే కాచుకుంటుంది, ఆ అరుపు 'ఈ చెట్టు నాది' అని చెప్పడం. ఏప్రిల్‌లో ఆ ఒక్క పలుకు కాస్తా గబగబా సాగే పాటగా మారడం వినిపిస్తుంది. పాట మొదలైందంటే ప్రయాణం దగ్గర పడిందన్నమాట. హిమాలయాల దాకా కొన్ని, రష్యా దాకా కొన్ని వెళ్తాయి. మే మొదటి వారంలో ఓ పొద్దున ఆ చప్పుడు ఆగిపోతుంది. ఏడు నెలలు వినీ వినీ గమనించడం మానేసిన చప్పుడు, ఆగాకే దాని విలువ తెలుస్తుంది.

రాత్రిపూట ఎగురుతాయంటారు. నిజమేనా? అపార్ట్‌మెంట్ దీపాల వల్ల ఇబ్బందా?

చిన్న పిట్టల్లో చాలావరకు రాత్రే ఎగురుతాయి. రాత్రి గాలి చల్లగా, నిలకడగా ఉంటుంది, ఒంట్లో నీరు తొందరగా ఆవిరి కాదు, డేగల భయం తక్కువ, పగలంతా తినడానికి మిగులుతుంది. స్వాలోలు, పసిరికలు (బీ-ఈటర్లు), గద్దలు మాత్రం పగలే వెళ్తాయి. మార్చిలో కరెంటు తీగల మీద స్వాలోలు బారులు తీరడం చూసే ఉంటారు.

దీపాల ఇబ్బంది నిజం. ఎత్తైన భవనాల మీద ఆకాశంలోకి కొట్టే లైట్లు వాటిని దారి మళ్ళిస్తాయి, అలసిపోయేదాకా చుట్టూ తిప్పుతాయి. తెల్లవారాక అద్దాల గోడలో చెట్టు నీడను చూసి నిజం చెట్టనుకుని గుద్దుకుంటాయి. ఏప్రిల్, మే, మళ్ళీ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో రాత్రి పదకొండు తర్వాత టెర్రస్ ఫ్లడ్‌లైట్లు ఆపమని మీ అసోసియేషన్‌ను అడగండి. కరెంటు బిల్లు తగ్గుతుందని చెబితే తొందరగా ఒప్పుకుంటారు.

బైనాక్యులర్స్ తప్పనిసరా? ఎలాంటివి కొనాలి?

మొదటి ఏడాది కళ్ళు, చెవులు చాలు. కొనాలనుకుంటే 8x42 రకం తీసుకోండి. ఇంకా పెద్దగా చూపించేవాటిని పట్టుకుంటే చెయ్యి వణికి ఆకుల్లో పిట్ట దొరకదు. ఫోనులో మెర్లిన్ యాప్ ఉంచుకుంటే కూత విని పేరు చెబుతుంది. అది చెప్పిన పేరును ఆధారంగా తీసుకోండి, తీర్పుగా కాదు.

ఫోనులో పక్షి కూత వినిపిస్తే దగ్గరికి వస్తుందట. చేయొచ్చా?

వద్దండి. ఆ పిట్ట దగ్గరికి వచ్చేది ముచ్చటపడి కాదు, తన చెట్టులోకి మరో పిట్ట దూరిందన్న కోపంతో. తినాల్సిన వేళ పోట్లాటకు పోతుంది. వారంలో బయల్దేరాల్సిన ప్రాణికి ఆ గంట చాలా ఖరీదైనది. ఫోటో కోసం పొదలు కదిలించడం, ఫ్లాష్ కొట్టడం కూడా అంతే.

మేం గింజలు వేస్తున్నాం, నీళ్ళు పెడుతున్నాం. సరిపోతుందా?

నీళ్ళు తప్పకుండా పెట్టండి. లోతు లేని మట్టి మూకుడు, మధ్యలో ఒక రాయి, నీడ, పిల్లి దూకలేని చోటు. రోజూ నీళ్ళు పారబోసి రుద్ది కడగాలి, లేకపోతే రోగాల గిన్నె అవుతుంది, దోమలు కూడా పెరుగుతాయి.

గింజల సంగతి వేరు. వలస పిట్టల్లో ఎక్కువ భాగం పురుగులు, పండ్లు, తేనె తినేవి. బియ్యం, జొన్నలు చల్లితే వచ్చేది పావురాలే. వాటి సంఖ్య పెరిగితే మిగతావాటికి చోటు తగ్గుతుంది, ఎండిన రెట్ట మన ఊపిరితిత్తులకూ మంచిది కాదు. ఒక కిలో గింజల డబ్బుతో ఒక మొక్క నాటండి. కానుగ, జువ్వి, బూరుగ, మోదుగ ఏదైనా సరే.

## మే: ఆఖరి ప్రయాణికులు

మా మెట్ల మీద తొమ్మిది రంగుల పిట్ట కూర్చుని ఉంది. ఎగరడం లేదు. ఎవరి పెంపుడు పిట్టో తప్పించుకొచ్చిందా?

పెంపుడుది కాదు, ఇండియన్ పిట్టా. హిందీలో నవరంగ్ అంటారు. ఆకుపచ్చ వీపు, రెక్క మీద నీలం, గంధపు రంగు పొట్ట, తోక కింద ఎరుపు, కంటి మీదుగా మందపాటి నల్లగీత, ఉందా లేదా అన్నంత పొట్టి తోక. చలికాలం దక్షిణాదిలో, శ్రీలంకలో గడిపి, ఏప్రిల్ చివర, మేలలో మధ్య భారతానికి, హిమాలయ పాదాలకు గూడు కట్టుకోవడానికి వెళ్తుంది. హైదరాబాద్ దానికి దారిలో మజిలీ. తెల్లవారి, సంధ్యవేళ ఈల వేస్తుంది కాబట్టి తమిళులు ఆరు గంటల పిట్ట అంటారు.

రాత్రంతా ఎగిరి అలసిపోయి దీపం చూసి మెట్లలోకి, బాల్కనీలోకి దిగుతుంది. చాలాసార్లు దానికి కావలసింది విశ్రాంతి మాత్రమే. మనుషుల్ని, కుక్కల్ని దూరంగా ఉంచండి. గాయం లేకపోతే సాయంత్రానికి దానంతటది వెళ్ళిపోతుంది. మా బ్లాకు వాచ్‌మన్ ఓ మే నెలలో ఒక పిట్టాను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాపలా కాశాడు, మెట్ల దారి మూసి అందరినీ లిఫ్టులో పంపించి. ఆరున్నరకు అది రెండడుగులు గెంతి, గోడ దాటి వెళ్ళింది.

కిటికీకి గుద్దుకుని పడిపోయింది. నీళ్ళు తాగించాలా?

తాగించకండి. నేను చేసిన తప్పు అదే. చాలా ఏళ్ళ కిందట ఓ చిన్న పిట్ట నోరు తెరిచి చుక్క చుక్కగా నీళ్ళు పోశాను. నీళ్ళు ఊపిరిలోకి పోయి నా చేతిలోనే ప్రాణం విడిచింది. ఇప్పటికీ ఆ బరువు, బరువంటూ లేని ఆ బరువు, అరచేతిలో గుర్తుంది.

చేయాల్సింది ఇది: మెత్తటి గుడ్డతో పట్టుకుని, గాలికి చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో ఉంచండి. మూత వేసి చీకటిగా, చప్పుడు లేని చల్లటి చోట పెట్టండి. తిండి వద్దు, మాటిమాటికీ తెరిచి చూడొద్దు. గంటకో రెండు గంటలకో లోపల కదలికలు వినిపిస్తే చెట్లున్న చోట మూత తీయండి. రెక్క వేలాడుతున్నా, రక్తం కనిపించినా అటవీశాఖకు గానీ పక్షుల వైద్యం తెలిసిన పశువైద్యులకు గానీ చేర్చండి. బాగుపడ్డాక పెంచుకుందామన్న ఆలోచన చట్టానికీ విరుద్ధం, పిట్టకూ అన్యాయం.

సంక్రాంతి ఎప్పుడో అయిపోయింది. మాంజా సమస్య ఇప్పుడెందుకు?

పండుగ మూడు రోజులే, దారం మాత్రం చెట్టు మీద ఏళ్ళ తరబడి ఉంటుంది. నైలాన్ కుళ్ళదు. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతా దాన్ని నిషేధించింది, అయినా ప్రతి పార్కులోనూ కొమ్మలకు వేలాడుతూ కనిపిస్తుంది. నడకకు వెళ్ళినప్పుడు చేతికందిన దారం చుట్టి చెత్తబుట్టలో వేయండి. వేసే ముందు కత్తిరతో చిన్న ముక్కలు చేయండి.

మేలో చెట్లు కొట్టించి మందు కొట్టిస్తున్నారు. కమిటీకి ఏం చెప్పాలి?

వానాకాలానికి ముందు కొమ్మలు తీయించడం తప్పదు, తీగలకు తగిలేవి తీయాల్సిందే. అడగాల్సింది రెండు విషయాలు. ఒకటి, ఎండు కొమ్మలు, తీగకు తగిలేవి మాత్రమే తీసి మిగతా గుబురు వదిలేయమని. మేలో ఇక్కడి కాకులు, గోరింకలు, తేనెపిట్టల గూళ్ళు అందులోనే ఉంటాయి. రెండు, పొదల మీద పురుగుమందు కొట్టించొద్దని. ఆ పురుగే ప్రయాణంలో ఉన్న పిట్టకు దారిబత్తెం. రాలిన ఆకులు ఓ మూల కుప్పగా వదిలేస్తే పిట్టా లాంటి నేల మీద తిరిగే పక్షులకు భోజనం దొరుకుతుంది. మా దగ్గర ఈ మాట నాలుగేళ్ళు చెప్పాక ఒక మూల వదిలారు.

మే నెలాఖరులో కూడా చెరువు దగ్గర ఒకటీ రెండూ వలస పక్షులు ఉన్నాయి. దారి తప్పాయా?

కొన్ని నీటి ఒడ్డు పక్షులు మొదటి ఏడాది గూడు కట్టే ఈడుకు రావు కాబట్టి వేసవంతా ఇక్కడే ఉండిపోతాయి. గాయపడి ఎగరలేనివి కూడా ఉంటాయి. దూరం నుంచి చూసి రాసిపెట్టుకోండి.

## వెళ్ళిపోయాక

చాతక పక్షి కూడా ఈ కాలంలోదేనా?

అది ఈ లెక్కకు ఎదురు నడుస్తుంది. మిగతావి వెళ్ళాక, తొలకరి గాలుల వెంట జూన్ ప్రాంతంలో ఆఫ్రికా వైపు నుంచి మధ్య, ఉత్తర భారతానికి వస్తుంది. నలుపు తెలుపు ఒళ్ళు, తలపై నిక్కబొడుచుకున్న జుట్టు. దక్షిణాదిలో ఏడాదంతా ఉండే చాతకాలూ ఉన్నాయి. వాన చినుకు తప్ప తాగదన్నది కవుల మాట. వానను వెంటబెట్టుకుని వస్తుందన్నది మాత్రం రైతులు కళ్ళారా చూసిందే.

మా అబ్బాయి దగ్గరికి న్యూజెర్సీ వచ్చాం. ఇక్కడ కూడా పక్షులు వెళ్ళిపోయే కాలమేనా?

మీకు ఇప్పుడు రాకడ చూసే అదృష్టం. ఏప్రిల్ చివరి నుంచి మే మూడో వారం దాకా మధ్య, దక్షిణ అమెరికాల నుంచి పిట్టలు ఉత్తరానికి వస్తుంటాయి. న్యూయార్క్ నడిబొడ్డున 843 ఎకరాల సెంట్రల్ పార్కు ఉంది. చుట్టూ కాంక్రీటు కావడంతో తెల్లవారుజామున దిగే పిట్టలన్నీ ఆ పచ్చటి ముక్కలోకే చేరతాయి. అందులో రాంబుల్ అనే గుబురు భాగానికి మే రెండో వారంలో పొద్దున్నే వెళ్ళండి. వార్బ్లర్లే ఇరవైకి పైగా రకాలు, అన్నీ పెళ్ళి రంగుల్లో కనిపిస్తాయి. మన పాచిరంగు వార్బ్లర్లతో కళ్ళు చించుకున్నవాళ్ళకు అది పండగే.

పేర్లు, తేదీలు రాసిపెడితే ఏం ఉపయోగం? నేనేం శాస్త్రవేత్తను కాను.

1931, 32లలో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. ఎక్కడ, ఏ రోజు, ఏది కనిపించిందో రాశారు కాబట్టే తొంభై ఏళ్ళ తర్వాత ఏది తగ్గిందో పోల్చి చూడగలుగుతున్నాం. ఇప్పుడు ఆ పని ఫోనులో, చూసిన పక్షుల్ని నమోదు చేసే ఈబర్డ్ యాప్ ద్వారా ఎవరైనా చేయొచ్చు. వలస విషయంలో ఒక మాట ప్రత్యేకంగా చెబుతాను. మొదట చూసిన రోజు అందరూ రాస్తారు, ఆఖరున చూసిన రోజు ఎవరూ రాయరు, ఎందుకంటే అది ఆఖరుదని ఆ రోజు తెలియదు. అందుకే ఏప్రిల్ 10 నుంచి మే 15 దాకా రోజూ పది నిమిషాలు ఒకేచోట నిలబడి, కనిపించకపోతే లేదని కూడా రాయండి.

మళ్ళీ ఎప్పుడు వస్తాయి?

మీరు అనుకున్నదానికన్నా ముందే. జూలై చివరికే ఉల్లంకి పిట్టలు చెరువు బురదలో దిగుతాయి. ఆగస్టులో గులాబీ గోరింకల మొదటి గుంపులు, ఆ వెనకే బూడిదరంగు జిట్టంగి వస్తాయి. గ్రీనిష్ వార్బ్లర్ సెప్టెంబరులో ఏదో ఒక పొద్దున అరుస్తుంది. పోయినసారి మా కానుగ మీద ఆ అరుపు ఆగింది మే 3న, మళ్ళీ వినబడింది సెప్టెంబరు 17న. ఈసారి గోడ క్యాలెండర్ మీద పెన్సిల్ కట్టి ఉంచాను.